సైజు తేడా స్టెప్నీతో ఇన్నేళ్లు: ముందు చక్రానికి పర్లేదు, వెనక్కి మాత్రం వద్దు

నా పికప్ ట్రక్కుకి నాలుగు చక్రాలకీ 265/70ఆర్17 సైజు టైర్లు, కింద వేలాడే స్టెప్నీ మాత్రం కాస్త చిన్నది, 245/70ఆర్17, అదీ ఇనుప రిమ్ము మీద. ఏళ్ల తరబడి ఇలాగే తిప్పుతున్నాను. స్టెప్నీ మీద నాకేం కోపం లేదు. కోపమల్లా "స్టెప్నీయే కదా, ఏ చక్రం పోతే అక్కడ ఎక్కించెయ్" అని తేలిగ్గా చెప్పేసే సలహా మీదే.

ఒకసారి లోడుతో వస్తుంటే వెనక ఎడమ టైరు పక్కన చీలిపోయింది. సన్నగా వాన, పైగా చీకటి పడుతోంది. ఫోన్ చేస్తే మెకానిక్ కూడా అదే మాట అన్నాడు. కానీ నా బండికి వెనక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది, అంటే రెండు వెనక చక్రాలకీ పవర్ పంచుతూ, ఒకటి మరీ ఎక్కువ తిరగకుండా క్లచ్ ప్లేట్లతో పట్టి ఉంచే గేర్ల పెట్టె. రెండు టైర్ల ఎత్తులో తేడా 28 మిల్లీమీటర్లే అనిపిస్తుంది గానీ, కిలోమీటరు నడిచేసరికి చిన్న టైరు దాదాపు 14 చుట్లు ఎక్కువ తిరగాలి. రోడ్డు ఎంత తిన్నగా ఉన్నా డిఫరెన్షియల్ లెక్కలో బండి ఎప్పుడూ మలుపు తిరుగుతున్నట్టే, లోపలి క్లచ్ ప్లేట్లు ఆగకుండా రాసుకుంటూ ఆయిల్ వేడెక్కుతుంది, లోడుతో దూరం పోతే ప్లేట్లు అరిగిపోతాయి. అందుకని పని రెట్టింపైనా సరే అనుకుని ముందు చక్రం విప్పి స్టెప్నీ అక్కడ ఎక్కించి, విప్పిన పెద్ద టైరుని వెనక్కి వేశాను.

తడి మట్టిలో జాకీ దిగబడిపోతుంటే కింద చెక్క పెట్టి, మిగతా చక్రాలకి రాళ్లు అడ్డం వేసి, ఒకసారి ముందు, ఒకసారి వెనక లేపాను. నట్ల సంగతి ఎవరూ చెప్పరు. నా అల్లాయ్ రిమ్ములకి వాషరున్న చదును నట్లు, ఇనుప రిమ్ముకి కొన వాలుగా ఉండేవి కావాలి. చదును నట్టు ఆ రిమ్ములో సరిగ్గా కూర్చోదు, బిగిసినట్టే ఉండి దారిలో వదులవుతుంది. వాలు నట్లు ఎప్పుడూ టూల్ సంచిలో ఉంచుతాను కాబట్టి ఆ రాత్రి గట్టెక్కాను.

2హెచ్‌లో, అంటే వెనక చక్రాలే బండిని నడిపే మోడ్‌లో, ముందు చక్రాలకి ఇంజన్ పవర్ పోదు, ఊరికే దొర్లుతాయి, కాబట్టి తేడా సైజు అక్కడే నయం. కాసేపటికి డ్యాష్‌బోర్డులో ట్రాక్షన్ లైటు వెలిగింది, ఒక చక్రం వేగంగా తిరుగుతోందని సెన్సారు పట్టేసినట్టుంది. స్టీరింగు కొద్దిగా ఎడమకి లాగింది. అయినా నెమ్మదిగా టైర్ల షాపు దాకా చేరుకున్నాను. నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చే 4హెచ్ ముట్టుకోలేదు. పార్ట్ టైమ్ 4×4లో (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకీ పవర్ కలిపే బండి) అలా కలిపితే ముందు వెనకలు ఒకే వేగంతో తిరిగేలా బిగిసిపోతాయి, పొడి రోడ్డు మీద ఈ తేడాతో గేర్ల మీద బలం ఇంకా పెరుగుతుంది.

చిన్న టైరు తేలిక, ఎత్తి పెట్టడం సులువు, బండి కింద స్టెప్నీని పట్టి ఉంచే క్రేడిల్‌లో ఇరుక్కోకుండా కూర్చుంటుంది అని అందరికీ చెబుతూ వచ్చాను. ఇప్పటికీ అంటాను, కాకపోతే వానలో గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి జరగడం చూశాక అంత గట్టిగా అనడం మానేశాను. పైగా టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ కోడ్ చూసుకోవాలి, 2319 అంటే 2019లో 23వ వారం. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది, నా దానికి పక్కన సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి.

వెనక జంట టైర్లుండే పెద్ద లారీలకైతే ఈ లెక్క అసలు పనికిరాదు. జంటలో పెద్దది బరువంతా మోసి వేడెక్కుతుంది, చిన్నది ఈడ్చుకుపోతుంది.

నాకు ఎక్కువగా ఖాళీ బండి, తారు రోడ్డు, ఎటు పోయినా దగ్గర్లో టైర్ల షాపు. అందుకే నాకు సరిపోతోంది. ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పవర్ పోయే ఫుల్ టైమ్ ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లకి ఇది చెప్పను. నేనూ రేపు లోడు పనే ఎక్కువైతే ఐదోది కూడా అదే సైజు కొంటాను, క్రేడిల్‌లో పట్టకపోతే వెనక బెడ్‌లోనే గొలుసేసి కట్టుకుంటాను.