60 ఏళ్ల వయసులో స్లీవ్ ఆపరేషన్: ఐదేళ్లు గడిచాక రాస్తున్న సమీక్ష

2021 ఫిబ్రవరిలో, 60 నిండిన నెలకి, హైదరాబాద్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, అంటే బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే ఆపరేషన్, చేయించుకున్నాను. అప్పటి బరువు 104 కిలోలు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 42. ఇప్పుడు 74 కిలోలు. మధ్యలో 68 దాకా దిగి మళ్లీ ఆరు ఎక్కాను, ఆ సంగతీ చెప్తాను. ఆపరేషన్ అయిన ఆరు నెలలకే పొంగిపోతూ రాసినవాళ్ల మాటలు చదివే నేనూ వెళ్లాను. వాళ్లు రాసింది అబద్ధం కాదు, ఆరు నెలలప్పుడు నన్ను అడిగినా అదే రాసేదాన్ని.

అందం కోసం వెళ్లలేదు. రెండు పూటలా ఇన్సులిన్, బీపీకి రెండు మాత్రలు, రాత్రిళ్లు నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మిషను. చిక్కడపల్లిలో మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కూరగాయలకని కిందికి దిగితే తిరిగి ఎక్కేటప్పుడు మధ్యలో మెట్ల మీదే చతికిలబడేదాన్ని, మొదటి అంతస్తువాళ్లు పాపం కుర్చీ తెచ్చి వేసేవాళ్లు. మోకాళ్ల డాక్టరేమో ముందు బరువు తగ్గి రండమ్మా, తర్వాత చూద్దాం అన్నాడు. మోకాళ్లు నొప్పెడుతుంటే నడిచేదెలా, నడవకుండా తగ్గేదెలా?

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు అంతా పల్చటి ద్రవాలే, కాలేయం కాస్త కుంచించుకుంటే వాళ్లకు లోపల పని సులువట. పొట్టలో ముప్పావు వంతు కోసి తీసేస్తారు, అరటిపండు ఆకారంలో గొట్టంలాంటిది మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఆ తీసేసిన భాగంలోనే తయారవుతుంది కాబట్టి మొదట్లో ఆకలి కూడా చాలావరకు దాంతోపాటే పోతుంది. తీసింది మళ్లీ పెట్టలేరు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కుట్ల నొప్పి కన్నా లోపలికి ఎక్కించిన గ్యాస్ వల్ల భుజాలు లాగడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మూడో రోజు ఇంటికి వచ్చేశాను.

మొదటి నెల మందు కొలిచే చిన్న కప్పుతో మజ్జిగ, పప్పుకట్టు, రాగిజావ, గుక్క గుక్కగా. తిండికీ నీళ్లకీ మధ్య అరగంట ఎడం ఉండాలి. ఒకసారి మా కోడలు గారెలు వేస్తుంటే ఆగలేక ఒక ముక్క సరిగ్గా నమలకుండా మింగాను, అది ఛాతీలో రాయిలా కూర్చుంది, గంటసేపు నరకం చూశాను. "అత్తయ్యా, మీకు చెప్తే వినరు" అని ఆ అమ్మాయి తిట్టినంత పని చేసింది.

లాభాలు చిన్నవేం కావు. ఇన్సులిన్ రెండో నెలలోనే ఆపేశారు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.1 నుంచి 6.2కి వచ్చింది. పదో నెలలో మళ్లీ నిద్ర పరీక్ష చేసి సీప్యాప్ అక్కర్లేదన్నారు, దాన్ని అటక మీద పెట్టిన రోజు మా ఆయన నాకన్నా ఎక్కువ సంతోషించాడు. నష్టాలూ ఉన్నాయి. నాలుగో నెలలో జడ సగమైంది, తర్వాత చాలావరకు వచ్చింది. ఎనిమిదో నెలలో పిత్తాశయంలో రాళ్లు. బరువు వేగంగా తగ్గితే ఇవి ఏర్పడొచ్చని, అవి రాకుండా మాత్రలు కూడా ఉన్నాయని నాకు రాళ్లొచ్చాకే తెలిసింది. ప్యాకేజీ గురించి గంట మాట్లాడిన కౌన్సెలర్ ఈ ఒక్క ముక్క చెప్పలేదు. దానికి ఇంకో ఆపరేషన్, ఇంకో బిల్లు. ఇవి చాలవన్నట్టు పెళ్లిళ్లకు వెళ్తే "ఏంటి వదినా ఇలా అయిపోయావ్, పెద్ద జబ్బేమన్నానా?" అని చెవిలో అడగడం.

అసలు చెప్పాల్సింది 2022 సంగతి. శ్రావణమాసంలో మలక్‌పేటలో మా తమ్ముడి ఇంట్లో వ్రతం. అప్పటికి నేను 68 కిలోలు. పదేళ్ల తర్వాత పీట మీద కూర్చోగలిగానని మురిసిపోయాను, కథ అయ్యాక లేవబోతే లేవలేకపోయాను. మోకాళ్ల నొప్పి కూడా లేదు, తొడల్లో శక్తే లేదు. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని లేపారు. 104 ఉన్నప్పుడు లేవలేకపోతే బరువు వల్ల అనుకున్నాను, 68కి వచ్చాక కూడా లేవలేకపోతే ఏమనుకోవాలి? అప్పుడు గుర్తొచ్చింది, ఆవకాయ జాడీ మూత కూడా కొన్నాళ్లుగా కోడలే తీస్తోంది.

ఫిజియోథెరపిస్ట్ విషయం తేల్చి చెప్పింది. కరిగింది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. 60 దాటాక కండ ఎలాగూ తగ్గుతూ ఉంటుంది, దాని మీద ఇది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అని చార్టులో రాసే ఉంది, కానీ నేను గొంతు దిగడానికి సులువని అర ఇడ్లీ, రెండు చెంచాల ఉప్మాతో పొట్ట నింపేసేదాన్ని. కాటా కిందికి దిగుతోంది కదా అని ఎవరూ అడగలేదు, ఫాలోఅప్‌లో కూడా ముందు బరువే రాసుకునేవాళ్లు.

అప్పటినుంచి కంచంలో ముందు గుడ్డు, పనీరు లేదా చేప, తర్వాత పప్పు, చోటు మిగిలితే అన్నం. గుడ్డుకి ఆరు గ్రాములే కాబట్టి 60 చేరడం తేలిక కాదు, పాలల్లో ప్రోటీన్ పొడి కలుపుకుని తాగుతాను, రుచి సుద్దలా ఉంటుంది. రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, మొదట మూడుసార్లే, ఇప్పుడు ఇరవై. రబ్బరు బ్యాండ్లు, నీళ్ల సీసాలు, సాయంత్రం ఇందిరా పార్కులో నడక. ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో కాటా రెండు కిలోలు పైకే వెళ్లింది, నేను మాత్రం రెండు అంతస్తులూ ఆగకుండా ఎక్కుతున్నాను.

మిగతా నాలుగు కిలోలు మాత్రం తిండివే. మూడో ఏడు నుంచి ఆకలి మెల్లగా తిరిగొచ్చింది. చికెన్ ముక్క రెండు తింటే ఆపేసే పొట్ట, ఐస్‌క్రీమ్‌కీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్లకీ అడ్డు చెప్పదు, జారిపోతాయి. షుగర్‌కి ఒక మెట్‌ఫార్మిన్ మాత్ర మళ్లీ మొదలైంది. ఎసిడిటీ పోలేదు, తల ఎత్తు పెట్టుకునే పడుకుంటాను. ముందునుంచే గుండెల్లో మంట ఉన్నవాళ్లు స్లీవ్‌కి ఒప్పుకునే ముందు గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గడానికి పొట్టకు చేసే ఇంకో రకం ఆపరేషన్) గురించి అడగండి. బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం, వాటికి రక్త పరీక్షలు. నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగడానికి లేదు.

ఖర్చు 4 లక్షల 20 వేలు. ఇన్సూరెన్స్ 3 లక్షలు ఇచ్చింది. బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోవడం) లాంటివి ఉండాలి అని పాలసీలో ఉంది. కాగితాలన్నీ ముందే చూపించి అనుమతి తీసుకున్నాకే చేరాను.

2025 మార్చిలో షుగర్‌కీ బరువు తగ్గడానికీ ఇచ్చే మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చినప్పటినుంచి మా ఆడపడుచు ఇంజెక్షనా ఆపరేషనా తేల్చుకోలేక నాకు ఫోన్లు చేస్తోంది. ఏది మంచిదో డాక్టరు చెప్తాడు, కానీ ఇంజెక్షన్‌తోనూ కొంత కండ పోతుందని చెప్పాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలవు అని అడిగితే, "ఒక్కసారి కూడా లేవలేను వదినా" అంది. ముందు ఆ లేచి కూర్చోవడం మొదలుపెట్టమన్నాను.