నిమ్మ మొదట్లో బంక కారుతోంది: పేస్ట్ పూయాలా, పాదులో మందు పోయాలా?

రెండు గట్టి వానలు పడ్డాయంటే చాలు, హైదరాబాద్ పెరళ్లలో నిమ్మ, బత్తాయి చెట్ల మొదట్లో తేనె రంగు బంక తేలుతుంది. మందుల షాపుకు వెళ్తే ఒకాయన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపిన పేస్ట్ పూయమంటాడు. ఇంకో షాపులో పాదులో పోయడానికి మెటలాక్సిల్ ఉన్న రిడోమిల్ ప్యాకెట్ చేతిలో పెడతారు. సేంద్రియం వైపు మొగ్గేవాళ్లు ట్రైకోడెర్మా ఒక్కటి చాలంటారు. మూడూ పనికొచ్చేవే. కాకపోతే పేస్ట్ చేసే పని కంచె పని, పాదులో పోసే మందు చేసేది వైద్యం, ట్రైకోడెర్మా చేసేది కాపలా. ఏది ఎప్పుడు వాడాలో తెలియక ఒకదాని బదులు ఇంకొకటి వాడటం వల్లే డబ్బులు పోయి, చెట్టూ పోతుంది.

ముందు బంకను చూడండి

నిమ్మజాతి చెట్లకు మొదట్లో బంక కారడానికి ముఖ్య కారణం ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి. ఇది నేలలో ఉంటుంది. నీరు నిలిస్తే దీని బీజాలు ఆ నీటిలో ఈదుకుంటూ వచ్చి బెరడుకు పట్టుకుంటాయి. అందుకే వానాకాలంలో, నీరు ఇంకని పాదుల్లో ఎక్కువ. బెరడు కింది కణాలు దెబ్బతింటే చెట్టు తన రక్షణ కోసం బంక తయారు చేసి బయటికి తోస్తుంది. అంటే బంక తెగులు కాదు, తెగులు గుర్తు. ఈ బంక నీళ్లలో కరుగుతుంది. పెద్ద వాన తర్వాత కాండం శుభ్రంగా కనబడితే నయమైపోయిందని సంబరపడొద్దు. కడుక్కుపోయిందంతే.

సందేహం తీరాలంటే పదునైన చాకుతో బంక ఉన్నచోట బెరడును వేలి వెడల్పున, పలచగా గీకి చూడండి. ఆరోగ్యంగా ఉన్న బెరడు లోపల తడిగా, ఆకుపచ్చ కలిసిన లేత గోధుమ రంగులో ఉంటుంది. తెగులు తగిలినచోట ముదురు గోధుమ రంగుకు తిరిగి, గీకుతుంటే గట్టిగా పట్టుకోకుండా పెళ్లగా ఊడుతుంది. రెండు రంగులు కలిసే గీత దగ్గరే తెగులు ఇంకా బతికి ఉంటుంది, ముందుకు పోయేది అక్కణ్నుంచే. పాత తెగులైతే ఎండిన బెరడు నిలువుగా పగిలి రాలుతుంది. మొదలు దగ్గర ఇలా ఉండి, పైన ఆకుల ఈనెలు పసుపెక్కుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

బంక మొదట్లో కాకుండా చిన్న కొమ్మల మీద, బెరడు కింద బొబ్బల్లా ఉంటే అది రాగి లోపం కావచ్చు. కాండానికి గుండ్రటి రంధ్రం, దాని కింద రంపపు పొట్టు ఉంటే పురుగు పని. ఈ రెండింటికీ ఫైటోఫ్తోరా మందు పోసి ఉపయోగం లేదు.

బోర్డో పేస్ట్

1880లలో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల నుంచి వచ్చిన మందు ఇది. ఆకుల మీద చల్లే 1 శాతం ద్రావణం వేరు, కాండానికి పూసే 10 శాతం పేస్ట్ వేరు. ఇంట్లో రెండు మూడు చెట్లకు 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లు సరిపోతాయి.

మైలుతుత్తాన్ని పొడిచేసి అర లీటరు నీళ్లలో ప్లాస్టిక్ బకెట్‌లో ముందురోజు రాత్రే నానబెట్టండి. ఇనుప, రేకు పాత్రలు వద్దు, వాటితో చర్య జరుపుతుంది. సున్నాన్ని ఇంకో బకెట్‌లో మిగతా అర లీటరు నీళ్లతో కలిపి, గుడ్డలో వడకట్టండి. రాళ్ల సున్నమైతే నీళ్లు తగలగానే మరుగుతుంది, ముఖం దూరంగా పెట్టాలి. తర్వాత రెండింటినీ మూడో బకెట్‌లోకి ఒకేసారి పోస్తూ కర్రతో కలపాలి. ఆకాశనీలం రంగు ముద్ద రావాలి.

ఎక్కువమంది తప్పేది సున్నం దగ్గర. మూత లేని సంచిలో నెలల తరబడి గాలి తగిలిన సున్నం చచ్చుబడి ఉంటుంది. తూకం సరిగ్గానే ఉన్నా మైలుతుత్తం ఘాటును విరవదు. ఘాటు విరగని మైలుతుత్తం బెరడును కాలుస్తుంది. తెలుసుకోవడానికి మెరిసే చాకు కొనను ముద్దలో నిమిషం ముంచి తీయండి. దాని మీద రాగి ఎరుపు పూత పడితే సున్నం చాలలేదు, ఇంకాస్త కలిపి మళ్లీ చూడండి. పూత పడనప్పుడే వాడాలి. అదే రోజు వాడేయాలి కూడా. మర్నాటికి అడుగున పేరుకుని అంటుకునే గుణం పోతుంది.

తెగులున్న చోట బెరడును గీత దాటి అంగుళం దాకా ఆరోగ్యమైన భాగం వచ్చేలా గీకేయాలి. చెక్కలోకి దిగకూడదు. 1 శాతం పొటాషియం పర్మాంగనేట్‌తో కడిగి, ఆరనిచ్చి, అప్పుడు బ్రష్‌తో నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా పూయాలి. గీకిన పెళ్లలు పాదులో వదిలేయకుండా ఏరి పారేయండి.

పేస్ట్‌లో గొప్ప సంగతి ధర, వానకు నిలిచే గుణం. లోపం కూడా అక్కడే ఉంది: పూసిన చోటే ఉంటుంది, లోపలికి పోదు. వేర్లలో ఉన్న తెగులు జోలికి రాదు. బంక బాగా కారుతున్న చెట్టుకు గీకకుండా పైపైన పేస్ట్ పూస్తే పుండు కప్పడమే అవుతుంది, కింద కుళ్లు సాగుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు మాత్రం మే చివర్లో ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక అక్టోబరులో ఒకసారి పూస్తే దీన్ని మించిన చవక రక్షణ లేదు.

ఇదంతా తలనొప్పి అనుకునేవాళ్లు కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని నీళ్లతో చిక్కగా కలిపి పూస్తారు. బ్లైటాక్స్ పేరుతో దొరికేది ఇదే. సున్నం గొడవ లేదు, కాలే భయం తక్కువ. కానీ జోరువానకు తొందరగా పోతుంది. ఒకే చెట్టున్నవాళ్లకు ఇదే నయం. నాలుగైదు చెట్లుంటే బోర్డో కలుపుకోవడమే దండగ లేని పని.

పాదులో పోసే మందు

మెటలాక్సిల్ 8 శాతం, మాంకోజెబ్ 64 శాతం కలిసిన పొడి లీటరు నీటికి 2.5 గ్రాములు. చెట్టు సైజును బట్టి 5 నుంచి 10 లీటర్లు, మొదలు చుట్టూ పాదంతా తడిసేలా పోయాలి. నేల ఎండి బిగిసి ఉంటే మందు పగుళ్లలోంచి కిందికి జారిపోతుంది. బురదగా ఉంటే పక్కకు పారిపోతుంది. కాస్త పదును ఉన్న నేలలో, వాన తెరిపి ఇచ్చిన రోజు పోయాలి. మెటలాక్సిల్‌ను వేర్లు పీల్చుకుని పైకి తీసుకెళ్తాయి. కాబట్టి పేస్ట్ చేరలేని చోటికి ఇది చేరుతుంది. బంక కారుతున్న చెట్టుకు మొదట చేయాల్సింది ఇదే, పేస్ట్ తర్వాత.

నెల, నెలన్నర తర్వాత బంక ఇంకా కొత్తగా వస్తుంటే ఇంకోసారి పోయొచ్చు. అంతే తప్ప ప్రతి నెలా అలవాటుగా పోయడం మంచిది కాదు. ఒకే మందు పదేపదే తగిలితే ఫైటోఫ్తోరా దానికి తట్టుకోవడం నేర్చుకుంటుంది. నేలలోని సూక్ష్మజీవులు కూడా మెటలాక్సిల్‌ను వేగంగా తినేయడం మొదలుపెడతాయి. కాయలు కోసుకున్నాక పోయడమే ఇంటి చెట్టుకు క్షేమం. కాయలుండగా తప్పనిసరైతే ప్యాకెట్ మీద రాసిన గడువు దాటాకే కోయండి.

దీనికి బదులుగా ఫోసిటైల్ అల్యూమినియం ఉంది, అలియెట్ పేరుతో తెలిసినదే. లీటరుకు 2.5 గ్రాములు కలిపి ఆకుల మీద చల్లితే ఆకుల నుంచి వేర్ల దాకా కిందికి దిగుతుంది. మెటలాక్సిల్ కింది నుంచి పైకి, ఇది పైనుంచి కిందికి. టెర్రస్ మీద డ్రమ్ములో పెంచే నిమ్మకు ఇదే మేలనిపిస్తుంది. ఎందుకంటే అక్కడ పాదులో పోసిన మందులో సగం రంధ్రాల్లోంచి శ్లాబ్ మీదికే పోతుంది. ఒక్క జాగ్రత్త: దీన్ని బోర్డోతో గానీ ఇతర రాగి మందులతో గానీ కలపొద్దు, ముందూ వెనకా రోజుల్లో కూడా చల్లొద్దు. ఇది ఆమ్లగుణం ఉన్నది. రాగి ఒక్కసారిగా విడుదలై ఆకులు మాడతాయి.

ట్రైకోడెర్మా

ఇది మేలు చేసే శిలీంధ్రం. 9 కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి 10-15 రోజులు ఉంచాలి. మధ్యలో రెండు మూడుసార్లు తిరగేయాలి. తెల్లగా, పచ్చగా బూజు పట్టాక పాదులో వేయాలి. వచ్చే ఏడాదికి నేలను బాగుచేయడంలో దీనికి సాటి లేదు. ఈ రోజు కారుతున్న బంకను ఇది ఆపుతుందని మాత్రం ఆశించొద్దు. బెరడు కింద ఉన్న తెగులు దాకా ఇది పోలేదు. మాంకోజెబ్, రాగి మందులు దీన్నీ దెబ్బతీస్తాయి కాబట్టి పాదులో మందు పోసిన రెండు మూడు వారాల తర్వాతే వేయండి. షాపులో కొనేటప్పుడు తయారీ తేదీ చూడాలి. ఎండలో నెలలుగా పడున్న ప్యాకెట్‌లో బతికున్నది ఏమీ ఉండకపోవచ్చు.

ఖర్చు లేనిది, అందరూ వదిలేసేది

హైదరాబాద్‌లో ఈ తెగులు పెరళ్లలో ఇంతగా రావడానికి మన కట్టడాలే సగం కారణం. ఇంటి ఆవరణ ఎత్తు పెంచడానికి మొరం పోస్తారు, చెట్టు మొదలు అడుగు లోతున పూడిపోతుంది. పార్కింగ్ టైల్స్ కాండానికి ఆనించి పరుస్తారు. వాషింగ్ మెషిన్ పైపు తెచ్చి నిమ్మ పాదులో పెడతారు, నీళ్లు వృథా పోవని. చాలా కాలనీల్లో పైన రెండడుగుల ఎర్రమట్టి, కింద రాయి. ఆ రాతిలో తవ్విన గుంత సిమెంటు తొట్టిలా నీళ్లు పట్టుకుంటుంది.

కాబట్టి మందుకన్నా ముందు పార పట్టండి. అంటు కట్టిన ముడి బయటికి కనబడేదాకా మట్టి తీసేయండి. కాండానికి ఒకటిన్నర అడుగు దూరంలో చిన్న గట్టు, దానికి బయట ఇంకో గట్టు వేసి, ఆ రెండింటి మధ్యే నీళ్లు పెట్టండి. లోపలి వృత్తంలోకి నీళ్లు రాకూడదు. ఎండుటాకుల మల్చింగ్ కూడా కాండానికి తగలకుండా జానెడు ఎడంగా ఉండాలి. ఇది చేయకుండా పోసిన ఖరీదైన మందుకు ఆరు నెలల ఆయుష్షే.

మామిడి సంగతి వేరు

మామిడి కాండం మీద, కొమ్మల మీద బంక కారితే అది సాధారణంగా ఫైటోఫ్తోరా కాదు. లాసియోడిప్లోడియా అనే శిలీంధ్రం ఎక్కువగా కారణం, దాంతో పాటు కొమ్మలు కొసల నుంచి వెనక్కి ఎండుతాయి. మెటలాక్సిల్, అలియెట్ దీని మీద పనిచేయవు. నిమ్మకు తెచ్చిన మందు మిగిలింది కదా అని మామిడి పాదులో పోసేవాళ్లు చాలామంది, శుద్ధ దండగ. ఇక్కడ పేస్ట్‌దే పైచేయి. ఎండిన కొమ్మను తెగులు కనబడేచోటికి మూడు నాలుగు అంగుళాలు కిందికి, ఆరోగ్యమైన చెక్కలో కోసి, కోతకు వెంటనే బోర్డో పేస్ట్ పూయాలి. ఒక చెట్టు కోసిన రంపాన్ని తుడవకుండా ఇంకో చెట్టుకు వాడొద్దు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు పిచికారీ చేస్తే మిగతా కొమ్మలకు రక్షణ.

బంకతో పాటు పొట్టు రాలుతుంటే కాండం తొలిచే పురుగు. రంధ్రంలో ఇనుప తీగ పోనిచ్చి పురుగును పొడిచి, పెట్రోలులో ముంచిన దూదిని లోపలికి తోసి, బంకమట్టితో మూయాలి. పాత పుస్తకాల్లో దీనికి రాసే డైక్లోర్వాస్‌ను మన దేశంలో 2020 చివరి నుంచి నిషేధించారు. ఎవరైనా పాత సీసా ఇస్తే తీసుకోకండి.

మునగ చెట్టు కోతల దగ్గర బంక కారడం మామూలే. పనసను గాటు పెడితే కారేవి పాలు, వాటికి మందే అక్కర్లేదు.

ఇంతకీ ఏది?

వానాకాలంలో నిమ్మకో బత్తాయికో కొత్తగా బంక కనబడితే: మొదలు బయటపెట్టి, పాదులో మెటలాక్సిల్ మందు పోసి, తెరిపి దొరికినప్పుడు గీకి పేస్ట్. రెండూ కొనలేని పరిస్థితి అయితే పాదులో మందుకే నా ఓటు, గీకడానికి చాకు ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది. తెగులు లేని చెట్టుకు మందు వద్దు, పేస్ట్, ట్రైకోడెర్మా చాలు. డ్రమ్ము నిమ్మకు అలియెట్ పిచికారీ, అడుగు రంధ్రాలు తెరిపించడం. మామిడికి కోత, పేస్ట్.

కాండం చుట్టుకొలతలో సగానికి పైగా బెరడు కుళ్లి ఉంటే మందుల మీద ఖర్చు పెట్టడం అనవసరం. అలాంటి చెట్టు చచ్చేముందు ఒక్కసారి విరగకాస్తుంది, దాన్ని చూసి కోలుకుందనుకునేవాళ్లూ ఉన్నారు. వేర్లతో సహా తీసేసి, ఆ గుంతను ఎండకు వదిలేయండి. మళ్లీ బత్తాయే కావాలంటే జంబేరి వేరుమొక్క మీద కాకుండా రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిన మొక్క అడిగి తెచ్చుకోండి, అది ఈ తెగులును జంబేరి కన్నా మెరుగ్గా తట్టుకుంటుంది. పాత గుంతకు దూరంగా, అంటు ముడి నేలకు జానెడు పైన ఉండేలా నాటండి.