డీటీపీ షాపు కంప్యూటర్లో ఒలామా, జెమ్మా 3: దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

ముందు తీర్పు. తెలుగు అర్జీని చదివి నాలుగు ముక్కల్లో సారాంశం చెప్పడానికీ, దానికి ఇంగ్లీషు ప్రతి తయారు చేయడానికీ ఈ జోడీ బాగానే పనికొస్తుంది. నేరుగా ప్రింటుకు వెళ్లే తెలుగు రాయించుకోవడానికి మాత్రం వద్దు.

ఒలామా అంటే ఏఐ మోడళ్లను మన సొంత కంప్యూటర్లో నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. జెమ్మా 3 గూగుల్ 2025 మార్చిలో విడుదల చేసిన మోడల్. అప్పుడు 1బి, 4బి, 12బి, 27బి అని నాలుగు సైజుల్లో వచ్చింది. ‘బి’ అంటే బిలియన్, అంకె పెరిగేకొద్దీ మోడల్ పెద్దది. కర్నూలు కలెక్టరేట్ చుట్టుపక్కల షాపుల్లో కనిపించే మామూలు ఐ3, ఐ5 కంప్యూటర్లకు తగినది 4బి. డౌన్‌లోడ్ 3.3 జీబీ. 1బి రాసే తెలుగు చదవలేం. 12బి 8 జీబీ పైచిలుకే. గ్రాఫిక్స్ కార్డు లేకుండా దాన్ని నడిపితే, సోమవారం అర్జీలు తీసుకునే రోజున అర్జీదారు కలెక్టరేట్‌లోని సునయన ఆడిటోరియం దాకా వెళ్లి క్యూ ఎంతుందో చూసి వచ్చినా జవాబు పూర్తి కాదు.

నెట్‌లో దొరికే పెద్ద చాట్‌బాట్లు ఇంతకంటే చాలా బాగా రాస్తాయి, అందులో వాదన లేదు. కానీ ఆధార్ నంబర్లు, పాస్‌బుక్ వివరాలు, అన్నదమ్ముల తగాదాలు ఉన్న కాగితాన్ని అర్జీదారుకు చెప్పకుండా బయటి సర్వర్‌కు ఎక్కించడం షాపువాళ్లు చేయాల్సిన పని కాదు. ఒలామా విలువంతా అక్కడే ఉంది. అయితే చిన్న మెలిక: ఒలామా జాబితాలోనే పేరు చివర ‘క్లౌడ్’ అని ఉన్న మోడళ్లు కూడా కనిపిస్తాయి. అవి నడిచేది వాళ్ల సర్వర్ల మీద. మోడల్ దిగాక నెట్ కేబుల్ పీకేసి ఒక ప్రశ్న అడగండి. జవాబు వస్తే పని మన మిషన్లోనే జరుగుతున్నట్టు.

ఇన్‌స్టాలేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విండోస్ ఫైలు దించి, రన్ చేసి, చాట్ కిటికీలో మోడల్ పేరు ఎంచుకుంటే చాలు, కమాండ్లతో పనిలేదు. సీ డ్రైవ్ నిండి ఉంటే మాత్రం సెట్టింగుల్లో మోడళ్లు ఉండే ఫోల్డరును ముందే వేరే డ్రైవ్‌కు మార్చుకోండి. అది ఎస్ఎస్‌డీ అయితేనే సుఖం.

ఇక ర్యాము. అందరూ ప్రాసెసర్ ఏది అని అడుగుతారు గానీ, జవాబు రాసే వేగాన్ని తేల్చేది ర్యామే. మోడల్ రాసేది టోకెన్ల లెక్కన, టోకెన్ అంటే మాటలో ఒక ముక్క. ఒక్కో టోకెన్ రాయడానికి మోడల్ బరువులన్నిటినీ, అంటే అది నేర్చుకున్న అంకెలున్న సుమారు 3 జీబీని, ర్యాములోంచి మళ్లీ మొదటినుంచీ చదవాలి. డీడీఆర్4 3200 ర్యాము ఒక్కటే స్టిక్కు ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ చదువుతుంది. భాగిస్తే సెకనుకు ఎనిమిది టోకెన్లు. అది గరిష్ఠం, నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. రెండు స్లాట్లలో రెండు స్టిక్కులు పెడితే 51.2 జీబీ, వేగం దాదాపు రెట్టింపు. అందుకే ఒకే 16 జీబీ స్టిక్కు కన్నా 8 జీబీవి రెండు పెట్టడం మేలు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కనిపిస్తుంది. మొత్తం 8 జీబీయే ఉంటే క్రోమ్, ఫొటోషాప్ మూసేయక తప్పదు. లేదంటే విండోస్ డిస్కును ర్యాములా వాడటం మొదలుపెడుతుంది, హార్డ్ డిస్క్ మిషన్ అయితే మౌసు కూడా కదలదు. మనం ఇచ్చిన అర్జీని చదివే దశలో మాత్రం ప్రాసెసర్ బలమే ముఖ్యం. మొదటి మాట రావడానికి పట్టే ఆలస్యం అందువల్లే.

కాంటెక్స్ట్ అంటే మోడల్ ఒకేసారి దృష్టిలో పెట్టుకోగల మొత్తం, మన ప్రశ్నా దాని జవాబూ కలిపి. దాని సంగతి చాలామందికి తెలియదు. మామూలు కంప్యూటర్లో ఒలామా 4096 టోకెన్లతో మొదలవుతుంది. తెలుగు మాట ఒక్కొక్కటి రెండు మూడు టోకెన్లు, పెద్ద సమాసమైతే ఇంకా ఎక్కువే తింటుంది. మూడు నాలుగు పేజీల అర్జీకి, దాని జవాబుకు ఆ సంచీ చాలదు. చాలకపోతే కొంత భాగాన్ని చెప్పాపెట్టకుండా వదిలేసి, మిగిలినదానికే ధీమాగా సారాంశం ఇస్తుంది. సెట్టింగుల్లో కాంటెక్స్ట్ పొడవును 8కే, అంటే సుమారు 8 వేల టోకెన్లు, చేయండి, ర్యాము కాస్త ఎక్కువ పట్టినా సరే. ఇంకొకటి, ఐదు నిమిషాలు వాడకపోతే మోడల్ ర్యాములోంచి దిగిపోతుంది, తర్వాతి ప్రశ్నకు మళ్లీ లోడ్ కావాలి. ‘చెడిపోయింది’ అని రీస్టార్ట్ కొట్టేది ఎక్కువగా ఇక్కడే.

డీటీపీలో వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన మ్యాటరును నేరుగా అతికిస్తే మోడల్‌కు కనిపించేవి పిచ్చి గుర్తులే. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక వత్తులు ఒకసారి చూసుకోవాలి, కన్వర్టర్లు జారేది అక్కడే.

ఫొటో చూపిస్తే 4బి చదువుతుందన్నది నిజమే గానీ, తెలుగు కాగితాల దగ్గర నమ్మొద్దు. జెమ్మా 3 ఏ బొమ్మనైనా 896 పిక్సెళ్ల చతురస్రంలోకి కుదించి చూస్తుంది. ఏ4 పేజీ అంతా అందులోకి దిగితే అంగుళానికి ఎనభై చుక్కలు కూడా మిగలవు, స్కానర్లో మనం పెట్టేది 300. వత్తులూ గుడి దీర్ఘాలూ అక్కడే కలిసిపోతాయి, ఖాళీల్లో తనకు తోచింది నింపేస్తుంది. 300 డీపీఐ స్కాన్ తీసి, బొమ్మలోంచి అక్షరాలు తీసే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు డేటా జోడించి దానితో అక్షరాలు తీసి, ఆ టెక్స్ట్ ఇవ్వడమే దారి. చేతిరాత అయితే కూర్చుని టైపు చేయడమే.

ఇంగ్లీషు ప్రతిలో అసలు ప్రమాదం అంకెలతో. 2 ఎకరాల 35 సెంట్లను 2.35 ఎకరాలుగా రాస్తే సరే, వంద సెంట్లు ఎకరా కాబట్టి. సెంట్లు కాస్తా గుంటలైతే ఎకరాకు నలభై లెక్కన భూమి కొలతే మారిపోతుంది. సర్వే నంబర్లో సబ్‌డివిజన్ అక్షరం ఎగిరిపోయినా అంతే. అందుకని సర్వే నంబర్లు, విస్తీర్ణాలు, తేదీల స్థానంలో ‘క1’, ‘క2’ అని పెట్టి ఇచ్చి, జవాబు వచ్చాక ఫైండ్ రీప్లేస్‌తో అసలువి తిరిగి పెట్టండి. వంక, కయ్య, చెక్కుబంది లాంటి మాటలకు ఇంగ్లీషులో ఏం రాయాలో ప్రశ్నలోనే చెప్పండి. చెప్పకుండా వదిలేస్తే ఒక్కోసారి ఒక్కోలా రాస్తుంది.

కర్నూలు ఎండలకు ఒక మాట. జవాబు రాసినంతసేపూ ప్రాసెసర్ కోర్లు పూర్తి పని మీదే ఉంటాయి. దుమ్ము పట్టిన ఫ్యానున్న ల్యాప్‌టాప్ మే నెలలో వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. డెస్క్‌టాప్ అయితేనే మేలు.

షాపులో రెండు మూడు కంప్యూటర్లుంటే ఒక దాంట్లో ఒలామా పెట్టి, నెట్‌వర్క్‌కు తెరిచే సెట్టింగ్ ఆన్ చేసి, మిగతావాటి నుంచి 11434 పోర్టు ద్వారా వాడుకోవచ్చు. దానికి పాస్‌వర్డ్ ఏమీ ఉండదు. కస్టమర్లకు ఇచ్చే వైఫై, షాపు కంప్యూటర్ల వైఫై ఒకటే అయితే ఆ సెట్టింగ్ జోలికి వెళ్లొద్దు.