‘డెవలపర్ సెటప్’ చేసి అమ్ముతున్న పాత మ్యాక్‌బుక్‌లతో జాగ్రత్త

విండోస్ నుంచి మ్యాక్‌కు మారాలనుకుని హైదరాబాదులో సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ కోసం వెతుకుతున్న డెవలపర్లు దయచేసి ఇది చదివిన తర్వాతే డబ్బు చెల్లించండి. దుకాణం పేరు నేను రాయను. “బాక్స్ తెరవగానే కోడింగ్ మొదలుపెట్టవచ్చు” అని ఊదరగొడుతున్నది ఎవరో మీలో చాలామందికి ఈపాటికే తెలిసి ఉంటుంది.

ఐఫోన్ యాప్ బిల్డ్ చేయాలంటే యాపిల్ వారి ఎక్స్‌కోడ్ అనే సాధనం కావాలి, అది మ్యాక్ మీద తప్ప నడవదు, కొత్త యంత్రానికి నా దగ్గర డబ్బు లేదు. అందువల్ల 2021 నాటి ఎం1 ప్రో (యాపిల్ సొంత చిప్) మ్యాక్‌బుక్‌ను 78,000 రూపాయలకు తీసుకుని, సెటప్ కోసం మరో 2,500 చెల్లించాను. ఆ 2,500కు వారు వేసి ఇచ్చినవి హోమ్‌బ్రూ (ఇతర ప్రోగ్రామ్‌లను ఇన్‌స్టాల్ చేసే సాధనం), ఐటెర్మ్2 (టెర్మినల్), రెక్టాంగిల్ (విండోలను సర్దేది), వీఎస్ కోడ్ (కోడ్ ఎడిటర్). నాలుగూ ఎవరైనా ఉచితంగా దింపుకోగలిగినవే. వీటితోపాటు కీ రిపీట్ వేగం పెంచడం, ట్రాక్‌ప్యాడ్‌ను తాకితే క్లిక్ అయ్యేలా చేయడం, ఫైండర్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా చేయడం వంటి మహత్కార్యాలు కూడా చేశారు. అవన్నీ సిస్టమ్ సెట్టింగ్స్‌లోనూ ఫైండర్ సెట్టింగ్స్‌లోనూ నాలుగు మీటలు మారిస్తే అయ్యే పనులు.

ఆ పనైనా సరిగ్గా చేశారా అంటే అదీ లేదు. ఎం1 యంత్రాలలో హోమ్‌బ్రూ ‘ఆప్ట్’ కింద ‘హోమ్‌బ్రూ’ ఫోల్డర్‌లో ఉండాలి, నా దాంట్లో మాత్రం పాత ఇంటెల్ చిప్ మ్యాక్‌లలో ఉన్నట్టు ‘యూఎస్ఆర్ లోకల్’లో ఉంది. ఏదో పాత ఇంటెల్ మ్యాక్ నుంచి మొత్తం సరంజామాను మైగ్రేషన్ అసిస్టెంట్‌తో తెచ్చి పడేసినట్టున్నారు. దానివల్ల నేను ఇన్‌స్టాల్ చేసిన నోడ్ (జావాస్క్రిప్ట్‌ను నడిపేది) సహా అన్నీ ఇంటెల్ బిల్డ్‌లై, ఇంటెల్ ప్రోగ్రామ్‌లను యాపిల్ చిప్‌కు అనువదించి నడిపే రొసెటా మీద ఈడుస్తూ నడిచాయి. దాన్ని తీసేసి మళ్ళీ వేసుకుని, ఇంతటితో పీడ వదిలిందనుకున్నాను.

అసలు సంగతి, ఏ సైట్ పేరు ఏ చిరునామాకు వెళ్ళాలో యంత్రానికి చెప్పే హోస్ట్స్ ఫైల్ తెరిచినప్పుడు బయటపడింది. ప్రాజెక్టు కోసం ఒక లోకల్ డొమైన్‌ను 127.0.0.1కు, అంటే నా యంత్రానికే, కలపవలసి వచ్చి ఆ ఫైల్ తెరిస్తే, చివర నేను రాయని వరుసలు కనిపించాయి. ప్రతి వరుస ముందూ 0.0.0.0, దాని పక్కన సంస్థల యంత్రాలను నమోదు చేసే యాపిల్ ఎన్‌రోల్‌మెంట్ సర్వర్ల పేర్లు ఉన్నాయి. ఎవరో యంత్రాన్ని ఆ సర్వర్లతో మాట్లాడనివ్వకుండా నోరు నొక్కారన్న మాట. ఆ వరుసలు తీసేసి రీస్టార్ట్ చేసిన కొంతసేపటికి, ఈ మ్యాక్‌ను ఫలానా సంస్థ నిర్వహణ కిందికి తీసుకువస్తున్నామంటూ తెర మొత్తం కమ్ముకునే ప్రకటన వచ్చింది. ఆ సంస్థ పేరు నేను జన్మలో వినలేదు. 2023లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సొనోమా నుంచి ఈ ప్రకటనను కొన్ని గంటలకు మించి పక్కకు నెట్టి పని చేసుకోవడం కుదరదు. ఒప్పుకుంటే, ముక్కూ మొహం తెలియని ఆ సంస్థ ఐటీ విభాగం నా యంత్రాన్ని దూరం నుంచే లాక్ చేయగలదు, చెరిపేయగలదు. సీరియల్ నంబరు ఆ సంస్థ యాపిల్ బిజినెస్ ఖాతాలో ఉన్నంత కాలం డిస్కును ఎన్నిసార్లు చెరిపినా ఫలితం ఉండదు, దాన్ని అక్కడినుంచి విడుదల చేయవలసింది ఆ సంస్థే.

సెటప్ మేమే చేస్తామని వారు ఎందుకంత పట్టుబట్టారో నాకు అప్పుడు అర్థమైంది. కొన్నవాడు తన ఇంట్లో వైఫై కలిపి మొదటి నుంచి సెటప్ చేసుకుంటే సంస్థ నిర్వహణ సంగతి చెప్పే ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ తెర వెంటనే ఎదురవుతుంది. ఆ తెర ఎదురుకాకుండా చూసేందుకే ఆ ఉచిత యాప్‌ల హంగామా అంతా, దానికి ఎదురు రుసుము చెల్లించిన పుణ్యాత్ముణ్ని నేను.

యంత్రం పట్టుకుని దుకాణానికి వెళ్తే, యజమాని తెర వైపు తలెత్తి కూడా చూడకుండా, “మేం ఇచ్చినప్పుడు బ్రహ్మాండంగా నడిచింది కదా సార్, ఆ ఫైల్ మిమ్మల్ని ఎవరు ముట్టుకోమన్నారు?” అన్నాడు. కొనేటప్పుడు ఐక్లౌడ్ లాక్ (పాత యజమాని యాపిల్ ఖాతాతో పడే తాళం) లేదని ఎంతో గర్వంగా చూపించారు కదా అంటే, “అది లేదనే చెప్పాం, ఇది వేరే” అన్నాడు. అక్షరాలా నిజమే: యాక్టివేషన్ లాక్, అంటే ఆ ఐక్లౌడ్ లాక్ వేరు, సంస్థ నమోదు వేరు, మొదటిది చూపించి రెండోది దాచారు. ఇంతలో పక్కన కూర్చున్న కుర్రవాడు, “ఇంకో మూడు వేలు ఇవ్వండి సార్, మళ్ళీ బైపాస్ చేసిస్తాం” అని నోరు జారాడు. మళ్ళీ అంటే, మొదటిసారి చేసింది ఎవరు? ఆ మాటే అడిగితే యజమాని మొహం మాడ్చుకోలేదు, తడబడలేదు, నలుగురు కస్టమర్ల ముందు నవ్వి, “డెవలపర్ అంటున్నారు, కొనే ముందు ఈ మాత్రం చూసుకోవద్దా?” అన్నాడు. పోయిన డబ్బు ఎలాగో సంపాదించుకుంటాను గాని, ఆ నవ్వు మాత్రం ఇది రాస్తున్నప్పుడు కూడా ఒళ్ళు మండిస్తోంది.

ఇక మీరు చేయవలసినది. డబ్బు ఇవ్వకముందే వారి ఎదుటే ‘ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్’ చేయించి, దుకాణం వైఫై కాకుండా మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి సెటప్ చివరి వరకు నడపండి. నెట్ తర్వాత కలుపుకోవచ్చులే అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. ఆ తర్వాత టెర్మినల్‌లో ‘సుడో ప్రొఫైల్స్ షో హైఫన్ టైప్ ఎన్‌రోల్‌మెంట్’ నడిపి, ఏ సంస్థ పేరైనా వస్తే కొనకండి. ‘షో’ బదులు ‘స్టేటస్’ నడిపి చూపిస్తే నమ్మవద్దు, బైపాస్ చేసిన యంత్రంలో కూడా అది నమోదు కాలేదనే చెబుతుంది. యాప్‌లూ సెట్టింగులూ ఒక సాయంత్రం కూర్చుంటే మీరే పెట్టుకోగలరు. బిల్లు మీద సీరియల్ నంబరు తప్పనిసరిగా రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేద్దామని నా బిల్లు తీసి చూస్తే, దాని మీద “లాప్‌టాప్ – 1” అని మాత్రమే ఉంది.