ఎంగిలి గొట్టం: డీఎన్‌ఏ వంశపరీక్షతో ఏడేళ్లు

2018 నవంబరులో మేం డల్లాస్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. థాంక్స్‌గివింగ్ డిస్కౌంట్ వచ్చిందని వాడు పెద్దలు ఎక్కడివాళ్లో చెప్పే డీఎన్‌ఏ పరీక్ష డబ్బాలు రెండు తెప్పించాడు, ఒకటి నాకు, ఒకటి వాళ్లమ్మకు. వాడు అంతకు ముందే చేయించుకున్నాడు. డబ్బాలో వేలెడంత ప్లాస్టిక్ గొట్టం ఉంది. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. గీత దాకా ఉమ్మి నింపాలి, నురగ లెక్కలోకి రాదు. కాఫీ పడకుండా పొద్దున్నే అంత ఉమ్మి తెప్పించడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. మా ఆవిడైతే "ఎంగిలి పోస్టులో పంపడమేంది, అసయ్యంగా" అని పక్కకు తిరిగి నింపింది.

కంపెనీ పేరు రాయను. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరి పద్ధతీ దాదాపు ఒకటే.

ఆరు వారాలకు ఫలితం వచ్చింది. నాకు దక్షిణ భారతం 94 శాతం, మధ్య ఆసియా 4, మిగతా రెండూ ఎటూ తేలనివి. ఆ 4 చూసి మావాడు గుర్రాల మీద కొండలు దాటి వచ్చిన తాతల కథ ఒకటి అల్లేశాడు. 2020లో కంపెనీ లెక్క మార్చింది, మధ్య ఆసియా మాయమైంది. ఇంకో రెండేళ్లకు మళ్లీ మార్చింది, ఈసారి ఉత్తర భారతం 7 శాతం కొత్తగా వచ్చి చేరింది. నేను మాత్రం కావలిలో అదే ఇంట్లో, అదే మంచం మీద ఉన్నాను.

మోసమేం కాదు. మన డీఎన్‌ఏలో 300 కోట్ల అక్షరాలుంటాయి. ఈ పరీక్ష చదివేది అందులో మనిషికీ మనిషికీ తేడా వచ్చే ఆరేడు లక్షల చోట్లను మాత్రమే. వాటిని తమ దగ్గరున్న నమూనా జనంతో పోల్చి, ఏ గుంపుకు దగ్గరగా ఉంటే ఆ పేరు పెడతారు. గుంపులు పెరిగినా, గీతలు మార్చినా శాతం మారుతుంది. యూరప్ జనం నమూనాలు వాళ్ల దగ్గర దండిగా ఉన్నాయి, మనవి పలచన. శాతం పక్కన చిన్న అక్షరాల్లో "అంచనా" అని రాసే ఉంటుంది. నేనే చదవలేదు.

నా ఆశ వేరే. మా ముత్తాత కరువుకు కనిగిరి వైపు నుంచి కావలికి వచ్చాడని మా నాయన చెప్పేవాడు. అది నిజమో కాదో తేలుతుందనుకున్నాను. దక్షిణ భారతమంతా ఒకే రంగులో పూసిన పటం చేతికొచ్చింది. అందులో కనిగిరీ లేదు, కావలీ లేదు. ఉత్తర భారతం 7 అంటే ఢిల్లీ తాత ఉన్నాడనీ కాదు. హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో తేల్చింది ఏమంటే, ఈనాటి భారతీయుల్లో ఎక్కువమంది రెండు పాత జనాల కలయిక, పాళ్లు మాత్రం వేరువేరు. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్య కాలంలో జరిగిందని 2013లో ఇంకో పరిశోధన చెప్పింది. ఆ తర్వాత ఎవరి కులంలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోవడం మొదలైంది. కాబట్టి శాతాలు సరదాకి చూసుకోవచ్చు, డబ్బు పెట్టేంత విషయం అక్కడ లేదు.

అసలు సంగతి రెండో పేజీలో ఉంది, చుట్టాల జాబితాలో. పరీక్ష చేయించుకున్న మిగతావాళ్లలో ఎవరి డీఎన్‌ఏ మనతో ఎంత కలిసిందో సెంటీమోర్గాన్లనే కొలతలో చూపిస్తారు. నా జాబితాలో అందరికంటే పైన మా అబ్బాయి. సరే. వాడి కింద మా ఆవిడ! 910 సెంటీమోర్గాన్లు, "ఫస్ట్ కజిన్" అని. ఆమె మా మేనమామ కూతురే కాబట్టి యంత్రం అబద్ధం చెప్పలేదు. కానీ వాళ్ల భాషలో మేనమామ కూతురూ కజినే, పెదనాన్న కూతురూ కజినే. ఒకరిని పెళ్లి చేసుకోవచ్చు, ఇంకొకరు చెల్లెలు. ఆ తేడా చెప్పే మాట వాళ్లకు లేదు. మా కోడలి స్నేహితులొకరు అది చూసి నోరెళ్లబెట్టారంట. మావాడికి ఇంకో తలనొప్పి. చుట్టాలను తండ్రి వైపు, తల్లి వైపు అని విడదీసే ఏర్పాటు ఒకటుంది. వాడి జాబితాలో సగం మంది రెండు వైపులా తేలారు. మేనరికం ఇళ్లలో అంతే మరి.

2021లో ఒకాయన రాశాడు. న్యూజెర్సీలో ఉంటాడు, పెద్దలు ఉదయగిరి దగ్గరి వాళ్లు. నాకూ ఆయనకూ 61 సెంటీమోర్గాన్లు కలిశాయి, అంటే మూడు నాలుగు తరాల కిందట ఒకే తాత ఉండాలని కంపెనీ లెక్క. రెండు నెలలు ఫోన్లు, పాత పెళ్లి శుభలేఖలు, ఇంటిపేర్లు, గోత్రాలు. ఐదు తరాలు వెనక్కి వెళ్లినా వరస కలవలేదు. తర్వాత తెలిసింది, ఆ 61 ఒక్క ముక్క కాదు, ఏడు చిన్న ముక్కలు. అందులో పెద్దది 12. వందల ఏళ్లుగా ఒకే గుంపులో ఇచ్చిపుచ్చుకుంటే ఒక్కొక్క ముసలాయన నుంచి ఒక్కొక్క పేలిక మిగులుతుంది, అన్నీ కలిపితే దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. మనవాళ్లు మొత్తం అంకె చూడకూడదు, అన్నిటికంటే పొడుగైన ముక్క ఎంతో చూడాలి. ఈ ఒక్క మాట మొదట్లో ఎవరైనా చెప్పుంటే రెండు నెలల ఫోన్లు తప్పేవి.

ఆయన మంచివాడే. ఉత్సాహం ఎక్కువ. నేను చెప్పిన పేర్లన్నీ ఒక వంశవృక్షంలో ఎక్కించి అందరికీ కనిపించేలా పెట్టాడు. బతికున్నవాళ్ల వివరాలు బయటికి కనపడకుండా దాచే ఏర్పాటు ఆ సైటులో ఉంది. సింగరాయకొండలో ఉండే మా అక్కకు మాత్రం పొరపాటున "మరణించారు" అని గుర్తు పెట్టాడు. దాంతో పేరు, పుట్టిన తేదీ, మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు అన్నీ బయటపడ్డాయి. నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసినవాణ్ని. తల్లి పుట్టింటి పేరు ఏమిటని ఖాతాదారులను భద్రతా ప్రశ్న అడిగిన నోరు నాది. చదివినప్పుడు కడుపులో తిప్పింది.

అక్క మనవడు చూపించాడంట. ఫోన్ చేసింది. "ఏందిరా అబ్బయా, నన్ను బతికుండంగానే చంపేశారే? నేనేమన్నా ఆ గొట్టంలో ఉమ్మానా?"

ఉమ్మలేదు. నేను అడిగితే వద్దంది కూడా. కానీ తోడబుట్టినవాళ్లకు సుమారు సగం డీఎన్‌ఏ ఒకటే ఉంటుంది. నేను ఇచ్చిన దాంట్లో అక్కది సగం పోయింది, ఆమె పిల్లలది పావు పోయింది. సంతకం నా ఒక్కడిదే. 2018లో కాలిఫోర్నియాలో పాత హత్యల కేసులో డిఏంజెలో అనే మాజీ పోలీసును పట్టుకున్నది ఇలాగే. వాడు ఎవరికీ ఉమ్మి ఇవ్వలేదు. దూరపు చుట్టాలెవరో సరదాకి ఎక్కించుకున్న డీఎన్‌ఏ వెంబడి పోలీసులు వాడి ఇంటి దాకా వచ్చారు. హంతకుడు దొరికాడు, సంతోషమే. కానీ దారి ఎట్టా పోయిందో చూడండి.

2023లో ఇలాంటి పరీక్షలే చేసే 23అండ్‌మీ అనే కంపెనీ సంగతి పేపర్లలో వచ్చింది. మాది ఆ కంపెనీ కాదు, అయినా టెన్షన్ పట్టుకుంది. వేరేచోట్ల బయటపడ్డ పాస్‌వర్డులతో దొంగలు సుమారు 14,000 ఖాతాల్లోకి దూరారు. అక్కడి నుంచి చుట్టాల జాబితా పట్టుకుని 69 లక్షల మంది వివరాలు తోడుకున్నారు. మళ్లీ చుట్టాల జాబితానే! 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కోటిన్నర మంది ఖాతాదారుల సమాచారం ఆస్తుల పట్టీలో చేరింది. చివరికి ఆ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకావిడే లాభాపేక్ష లేని సంస్థ ద్వారా 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మా బ్యాంకులో అప్పు తీర్చకపోతే తాకట్టు బంగారం వేలం వేసేవాళ్లం, కానీ అప్పు చేసినవాడి బంగారమే వేసేవాళ్లం.

చట్టం కాపాడుతుందా అంటే, అమెరికాలో 2008 చట్టం ఉద్యోగంలోనూ ఆరోగ్య బీమాలోనూ జన్యు వివరాలు చూసి వివక్ష చూపకుండా అడ్డు కడుతుంది, జీవిత బీమాకు వర్తించదు. మన దగ్గర డీఎన్‌ఏ పరీక్షల వాడకాన్ని నియంత్రించే బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. జన్యు కారణం చూపి ఆరోగ్య బీమా ఎగ్గొట్టడం తగదని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. అంతే, అక్కడక్కడా కట్టలు, మధ్యలో గండ్లు.

నిరుడు నా ఖాతా మూసేశాను. ముందు నా ముడి డేటా దించుకున్నాను, ఆరు లక్షల పైచిలుకు వరసల టెక్స్ట్ ఫైలు, చదివితే ఏమీ అర్థం కాదు. తర్వాత గొట్టంలో మిగిలిన నమూనా పారేయమని విడిగా అడిగాను, పరిశోధనకు ఇచ్చిన ఒప్పుకోలు విడిగా రద్దు చేశాను. ఖాతా మూస్తే అవన్నీ వాటంతటవే పోతాయనుకోవద్దు. ఇప్పటికే పరిశోధనల్లో వాడింది మాత్రం వెనక్కి రాదు. మా ఆవిడ తనది ఉంచుకుంది, మనవరాళ్లకు పనికొస్తుందంట. ఆమె ఇష్టం.

చేయించుకోవచ్చా అని వాకింగ్‌లో అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. ఇంట్లో జబ్బుల చరిత్ర ఉంటే ఇది కాదు, డాక్టరు రాసిచ్చే జన్యు పరీక్ష వేరే ఉంది, అక్కడికి పోండి. చిన్నప్పుడు దత్తత పోయి అసలు వాళ్లను వెతుక్కునేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. మిగతావాళ్లు సరదాకే చేయించుకుంటామంటే మారుపేరు పెట్టండి, పాస్‌వర్డు వేరేది వాడండి, చుట్టాల జాబితాలో కనపడే మీట ఆపెయ్యండి, తోడబుట్టినవాళ్లను ఒకమాట అడగండి. మావాడు పసిపిల్లకు కూడా చేయిస్తానన్నాడు. పద్దెనిమిది నిండాక అదే చెప్తుందిలే అన్నాను.

ముత్తాత సంగతికి పోయిన ఎండాకాలం కనిగిరి వెళ్లొచ్చాను. మా ఇంటిపేరు వాళ్లు రెండిళ్లు ఉన్నారు. మజ్జిగ ఇచ్చారు, వరస బాబాయి అని తేల్చారు. కాగితం లేదు, సెంటీమోర్గాను లేదు.

న్యూజెర్సీ ఆయనకు నాలుగు మెయిళ్లు పెట్టాక అక్క ఆ వృక్షంలో మళ్లీ బతికింది.