తుప్పు తిన్న పాత జావా ఫ్రేము: బ్లాస్టింగా, యాసిడ్డా, సోడా తొట్టా? ఏది మేలు?

హిందూపురంలో మా పశువుల కొట్టం గోడకు ఏళ్ల తరబడి ఆనుకుని ఉండిపోయిన నాన్న జావా 250 మోటారుసైకిల్ని పోయిన వేసవిలో టెంపోలో వేసుకుని బెంగళూరు తెచ్చాను. ఇంజను సంగతి సరే, నన్ను భయపెట్టింది ఫ్రేమే. పేడ తడి, పశువుల మూత్రం తగిలిన కింది భాగమంతా తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచింది. గోటితో గీరితే అప్పడంలా విరిగి పడేది. శివాజీనగర్ గుజిరీలో, అంటే పాత సామాన్ల బజారులో, ఫొటో చూపిస్తే ఒకటే మాట: "దీన్ని తూకానికి వేసేయన్నా, వేరే ఫ్రేము ఇప్పిస్తా."

ముందు తేల్చుకోవాల్సింది ఆ మాటే. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. గుజిరీలో దొరికేది ఇంకెవరి బండిదో. దాని మీద ఇంకో చాసిస్ నంబరు ఉంటుంది, కాగితాలు ఉండవు. "మీ నంబరే కొట్టి ఇస్తాం" అనేవాళ్లు కూడా తగులుతారు. అది నేరం, ఆ పక్కకే పోవద్దు. ఇంకో సంగతి కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాల ప్రకారం, 50 ఏళ్లు దాటి, చాసిస్, ఇంజను మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే 'వీఏ' సిరీస్ నంబరు ఇస్తారు. నాన్న బండి 1969 మోడల్. ఫ్రేము పారేస్తే నా దగ్గర మిగిలేది స్పేర్ పార్టుల మూట.

కాబట్టి ఫ్రేము బతుకుతుందా లేదా అన్నది కళ్లతో కాదు, చేతులతో చూడాలి. మొన ఉన్న స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవాలి, చిన్న సుత్తితో జానెడు జానెడుకూ తట్టుకుంటూ పోవాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది, లోపల తినేసిన చోట చప్పుడు చచ్చిపోతుంది. నా ఫ్రేములో సెంటర్ స్టాండు దగ్గర రెండు చోట్ల మొన లోపలికి దిగిపోయింది. హ్యాండిల్ కూర్చునే స్టీరింగ్ హెడ్, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ పివట్ మాత్రం గట్టిగా ఉన్నాయి. ఈ హెడ్, పివట్ పోయి ఉంటే మాత్రం నేనే ఆశ వదులుకునేవాణ్ని. బండి మనిషిని మోసేది వాటి మీదే.

ఇక తుప్పు తీయడం. బెంగళూరులో ఎవరినడిగినా పీణ్యా పారిశ్రామికవాడకే పంపుతారు, సాండ్ బ్లాస్టింగుకు, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు రాల్చడానికి. పూట తిరక్కముందే ఫ్రేము బూడిద రంగులో శుభ్రంగా చేతికొస్తుంది. చూడగానే మనసు పొంగిపోతుంది, కాదనను. కానీ తుప్పు బాగా తిన్న ఫ్రేముకు అది మొరటు వైద్యం. ఇదివరకు ఒక యెజ్డీ బైకు ఫ్రేము అలాగే ఇచ్చి చేతులు కాల్చుకున్నాను. నంబరు మీద టేపు వేయమని చెప్పినా వేయలేదు. తిరిగొచ్చేసరికి రెండంకెలు వేలితో తడిమితే తప్ప తెలియకుండా అరిగిపోయాయి. పైపుల్లోకి దూరిన రేణువులు నెలల తర్వాత కూడా బోల్టు రంధ్రాల్లోంచి రాలుతూనే ఉన్నాయి. బ్లాస్టింగే చేయించాలనుకుంటే నంబరు మీద రబ్బరు ముక్క అతికించి మీరే తీసుకెళ్లండి, రంధ్రాలన్నిటికీ బిరడాలు కొట్టండి, మామూలు ఇసుక కాకుండా గార్నెట్ అనే ఖనిజపు రవ్వ వాడే చోటు చూసుకోండి. ఇసుక దుమ్ము ఆ పని చేసే కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. మన బండి మెరుపు కోసం వాళ్ల ఊపిరి తీయకూడదు.

యాసిడ్ గురించి ఎక్కువ చెప్పను. చవక, తొందరగా అయిపోతుంది. కానీ హైడ్రోక్లోరిక్ యాసిడ్ తుప్పుతో పాటు మంచి ఇనుమునూ తింటుంది. అతుకుల సందుల్లో ఇరుక్కుంటే ఎంత కడిగినా పోదు, పెయింటు వేశాక కింది నుంచి బుడగలై లేస్తుంది. ఫ్రేముకు వద్దు.

నేను చేసింది వాషింగ్ సోడా తొట్టి, అంటే సోడా నీళ్లలో ముంచి కరెంటుతో తుప్పు వదిలించడం. ఇంటి ముందు కారు పెట్టే జాగాలో సిమెంటు లేకుండా ఇటుకలు పేర్చి, లోపల టార్పాలిన్ పరిచి నీళ్లు పోశాను. నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా లెక్కన సోడా కలిపాను. చుట్టూ పాత ఇనప కడ్డీలు నిలబెట్టి అన్నిటినీ తీగతో కలిపి బ్యాటరీ చార్జర్ పాజిటివ్ వాటికి ఇచ్చాను, నెగటివ్ ఫ్రేముకు. ఇది తారుమారైతే ఫ్రేమే కరిగిపోతుంది, రెండుసార్లు చూసుకోండి. కడ్డీలకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకండి, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే చేయాలి, స్విచ్ ఆపకుండా చెయ్యి పెట్టకూడదు.

కాసేపటికి ఫ్రేము ఒళ్లంతా సన్నటి బుడగలు పట్టాయి. మర్నాటికి నీళ్ల మీద గోధుమరంగు నురగ తేలింది. ఆపి, తీసి, స్టీరింగ్ హెడ్ మీది నల్లటి మడ్డిని పాత బ్రష్షుతో తోస్తే ఆర్సీలో ఉన్న అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, పంచు కొట్టిన అంచులతో సహా. ఈ పద్ధతి మంచి ఇనుమును ముట్టుకోదు. దీనికే నా ఓటు. కష్టమూ ఉంది: కడ్డీకి ఎదురుగా ఉన్న వైపే బాగా శుభ్రపడుతుంది కాబట్టి తిప్పి తిప్పి పెట్టాలి. నాకు వారం పట్టింది. పైపు లోపలికి దీని పని అందదు.

వెల్డింగుకు మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకాయన దొరికాడు. "ఇది బతుకుతాదన్నా. అయితే రంధ్రం మీద రేకు అంటించేది వద్దు, మంచి ఇనుము తగిలేదాకా కోసేద్దాం" అన్నాడు. అలాగే కోసి, లోపల స్లీవు, అంటే చిన్న పైపు ముక్క, దూర్చి, చుట్టూ వెల్డు చేశాడు. వేడికి ఫ్రేము వంకర పోకుండా ముందే బిగించి, అయ్యాక దారం కట్టి చూసుకున్నాం.

ఇక రంగు. పొడి రంగు చల్లి కాల్చే పౌడర్ కోటింగ్ గట్టిదే, కానీ ఓవెన్‌లో సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడి పెడతారు. తుప్పు గుంటల్లో నింపే మామూలు పుట్టీ దానికి నిలవదు. పాత జావా మెరూన్ షేడు కలవడం కూడా కష్టం. ఎక్కడైనా పెచ్చు లేస్తే దాని కింద నీళ్లు పాకుతాయి. గుంటలు లేని ఫ్రేముకైతే పౌడర్ కోటింగే చెప్పేవాణ్ని. ఇలాంటిదానికి ఎపాక్సీ ప్రైమర్, పుట్టీ, పైన పీయూ (పాలీయూరిథేన్) పెయింటు మేలు. గీత పడితే అంతవరకే దిద్దుకోవచ్చు. ప్రైమర్ మాత్రం ఇనుము ఆరిన రోజే పడాలి. చెన్నైలో ఉన్నవాళ్లైతే సాయంత్రం దాకా కూడా ఆగకండి, ఆ ఉప్పుగాలికి కళ్లముందే ఎర్రబడుతుంది.

సోడా తొట్టి పని అందని పైపుల లోపల తుప్పు పెరగకుండా లిన్సీడ్ ఆయిల్ పోశాను, మన అవిసె నూనే, పెయింటు షాపుల్లో ఉడికించినది అమ్ముతారు. ఫ్రేమును అటూ ఇటూ దొర్లించి, రెండు రోజులు తలకిందులుగా వేలాడదీశాను. కింద పరిచిన పేపరు మీద చుక్క పడటం ఆగాకే రంధ్రాలకు బిరడాలు కొట్టాను.