నడుము, కాలి నరాల రేటింగు అప్పీలు: వీఏ మూడు దారుల్లో ఏది ఎక్కడ పనికొస్తుంది

అమెరికా మాజీ సైనికుల శాఖ, అందరూ వీఏ అనేది, ఇచ్చిన రేటింగు (సర్వీసు వల్ల వచ్చిన వైకల్యానికి వేసే శాతం) నచ్చకపోతే 2019 ఫిబ్రవరి నుంచి మూడు దారులున్నాయి: సప్లిమెంటల్ క్లెయిమ్ (కొత్త ఆధారంతో మళ్లీ అడగడం), హయ్యర్ లెవెల్ రివ్యూ (ఉన్న కాగితాలనే పై అధికారి మళ్లీ చూడటం), బోర్డు అప్పీలు (వీఏ అప్పీళ్ల బోర్డుకు వెళ్లడం). మూడింటికీ ఫీజు లేదు. నిర్ణయం వెలువడిన ఏడాదిలోపు వేస్తే సాధారణంగా పాత తేదీ నుంచే బకాయి లెక్కకొస్తుంది.

నడుము కేసులు ఎక్కువగా చిక్కుకునేది గోనియోమీటర్ దగ్గర, అంటే ఎంత వంగగలరో డిగ్రీల్లో కొలిచే పరికరం దగ్గర. ముందుకు వంగడం 30 డిగ్రీలో అంతకన్నా తక్కువో అయితే 40 శాతం, 30 దాటి 60 లోపు 20, 60 దాటి 85 లోపు 10. అంటే 30కీ 35కీ తేడా ఐదు డిగ్రీలే, రేటింగు మాత్రం సగానికి పడిపోతుంది. అందుకే ముందు వీఏ చేయించిన వైద్య పరీక్ష నివేదిక కాపీ తెప్పించుకుని చూడాలి. కొలత గోనియోమీటర్‌తో తీసుకున్నారా? పదేపదే వంగాక మళ్లీ కొలిచారా? నొప్పి తిరగబెట్టిన రోజుల సంగతి అడిగారా? చాలా నివేదికల్లో ఈ చివరిదానికి "ఊహించి చెప్పలేను" అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఎంత తరచుగా వస్తుంది, ఎంతసేపుంటుంది, ఎంత వంగగలరు అని మనిషిని అడక్కుండా అలా రాసేస్తే చెల్లదని 2017లో షార్ప్ కేసులో, వీఏ కేసుల మీద అప్పీళ్లు వినే వెటరన్స్ కోర్టు తేల్చింది.

ఇలాంటి లోపం కాగితం మీదే కనబడితే హయ్యర్ లెవెల్ రివ్యూ, ఫారం 20-0996, మంచి దారి. కొత్త ఆధారాలు తీసుకోరు గానీ, ఫోన్‌లో ఒకసారి మాట్లాడే అవకాశం అడగొచ్చు. లోపం ఒప్పుకుంటే కొత్త పరీక్షకు పంపుతారు. వాళ్ల దగ్గర లేని ఆధారం మీ దగ్గరుంటే మాత్రం ఇక్కడికి రావడం దండగ. అప్పుడు ఫారం 20-0995తో సప్లిమెంటల్ వేయాలి.

కాలి నరాలకు రేటింగు వేరుగా రావాలి. ఇది అడక్కుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. నడుము నుంచి కాలిలోకి దిగే సయాటిక్ నరానికి నష్టం స్వల్పమైతే 10 శాతం, మధ్యస్థం 20, మధ్యస్థం కన్నా తీవ్రం 40, కండ క్షీణతతో తీవ్రం 60. తిమ్మిరి, మంట మాత్రమే ఉంటే 20 దాటదు. కాబట్టి చీలమండ రిఫ్లెక్స్ (తడితే దానంతటదే కదలడం) పోయిందా, పాదం పైకెత్తే బలం తగ్గిందా, ఒక పిక్క రెండోదానికన్నా సన్నబడిందా అన్నవి వైద్యుడు అంకెలతో రాయాలి. నడుముకు 20, రెండు కాళ్లకూ చెరో 20 ఉంటే మొత్తం 60 కాదు, ఎందుకంటే రెండో శాతాన్ని వందలో మిగిలినదాని మీదే లెక్కిస్తారు: కాళ్లు రెండూ కలిపి 36, రెండు కాళ్లకూ ఉన్నందుకు దానికి పదో వంతు చేర్చి 40, నడుముతో 52, చివరికి పదులకు సరిచేసి 50 శాతం.

బోర్డు అప్పీలు, ఫారం 10182, ఆలస్యమవుతుంది. పరీక్ష మీద కాక చట్టం అర్థం మీద గొడవైతేనే ఎంచుకోవడం మేలు. అందులో ఆధారాల డాకెట్ (కొత్త ఆధారాలు ఇచ్చే వరుస) తీసుకుంటే 90 రోజుల్లో అన్నీ ఇచ్చేయాలి.

వీఏ గుర్తింపున్న సంస్థల ప్రతినిధులు ఉచితంగా చేసిపెడతారు. లాయరైతే సాధారణంగా గెలిచిన బకాయిలో 20 శాతం. గుర్తింపు లేకుండా, మొదటి నిర్ణయం రాకముందే డబ్బడిగేవాళ్ల జోలికి పోవద్దు.